కుందేటి కొమ్ములు నేర్పిన పాఠాలు

రాయలసీమ గుట్టల మీద, తెలంగాణ బోళ్ల మీద పెరిగే ఒక మొక్క గురించి ఇది. మా వైపు కుందేటి కొమ్ములు అంటారు. ఆకులు కనబడవు. నాలుగు పలకల పచ్చటి కాడలు గుండ్ల సందుల్లోంచి జానెడో మూరెడో లేచి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. వానలు పడ్డాక ఆ సన్నటి కొసల వెంబడి ఊదా, పసుపు చారలున్న చిన్న పూలు తల వంచుకుని వేలాడతాయి. వృక్షశాస్త్రంలో దీన్ని కరల్లుమా అడ్‌సెండెన్స్ అంటారు. జిల్లేడుకు దగ్గరి చుట్టం, కానీ తుంచితే పాలు కారవు, నీరే వస్తుంది. ఒకప్పుడు గొర్రెలు తోలుకెళ్లే ప్రతివాడికీ తెలిసిన మొక్క. ఇప్పుడు కొండంతా తిరిగినా ఎక్కడో ఒక్క గుబురు.

జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. రాయచోటి చుట్టుపక్కల కొండలు నాకు రెండో తరగతి గది. నా దగ్గర చదువుకున్నవాళ్లు, ఇప్పుడు వాళ్ల పిల్లలు కూడా, ఫోన్ చేసి ఈ మొక్క సంగతి అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అన్నీ ఒకచోట ఉంటే మంచిదని రాస్తున్నాను.

1. ముళ్లపొదలోకి తొంగిచూడండి.

కొండ ఎక్కగానే పిల్లలు నున్నటి బండల మీద వెతుకుతారు. అక్కడ ఉండదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద అరచెయ్యి ఆనించలేం, వేలెడంత మొలక ఎలా బతుకుతుంది? బండకీ బండకీ మధ్య వాన కడిగి తెచ్చిన గరుసు, రాలి కుళ్లిన ఆకు కలిసి బెత్తెడు లోతు మన్ను చేరుతుంది. ఆ మంట్లో ముందు ఏ కలివో, బలుసో, పరికో వేళ్లూనుకుంటుంది. దాని మొదట్లో, దాని నీడలో, కుందేటి కొమ్ము మొలుస్తుంది. పొద ఎండకు అడ్డం నిలుస్తుంది. మేక నోరు, గొర్రె గిట్ట లోపలికి రాకుండా ముళ్లతో కాస్తుంది. ఏళ్లు గడిచి కొమ్ము పొదను మించి పైకి తల పెట్టాక పూస్తుంది. మొదలు నీడలో, పూత గాలిలో.

కాబట్టి పొయ్యిలోకని ఆ తుప్ప కొట్టుకుపోయినవాడు కుందేటి కొమ్మును ముట్టుకోకపోయినా, వచ్చే వేసవికి అది ఉండదు. అలా పోయిన గుబుర్లను నేను చాలా చూశాను. తుప్ప అనే మాటను మనం తేలిగ్గా వాడతాం. ఊరి సభల్లో ఎవరైనా లేచి గుట్ట మీది పనికిరాని తుప్పలన్నీ కొట్టించి మంచి చెట్లు నాటిద్దామంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బోడిగా కనబడే గుట్ట బోడిది కాదు. దాని మీద గడ్డీ, తుప్పా, బండ పగుళ్లలో బతికేవీ ఎప్పటి నుంచో స్థిరపడి ఉన్నాయి. అక్కడ జేసీబీతో గుంతలు తీసి, ఆ వాతావరణానికి సరిపడని మొక్కలు నాటి, ఫోటో దిగి వస్తే రెండో వేసవికి ఆ చెట్లూ ఉండవు, గుంత తవ్విన చోట అంతకుముందు ఉన్నవీ ఉండవు. చెట్లు నాటండి. చెరువు గట్టున, బడి ఆవరణలో, పొలం గట్ల మీద నాటండి. రాతి గుట్టను దాని మానాన వదిలేయండి.

2. హస్త, చిత్త కార్తెల్లో వెళ్లండి.

మా సీమకు వానంటే ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలలే. అనంతపురం వైపు ఏడాది మొత్తం మీద కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ నాలుగు వానలకు కొమ్ములు నీరు పట్టి బలుస్తాయి, కొసలు సాగుతాయి, పూస్తాయి. ఎండాకాలంలో వెళ్తే అవే కాడలు పలకలు ముడుచుకుని, బూడిదరంగుకు తిరిగి, చుట్టూ ఉన్న ఎండు పుల్లల్లో కలిసిపోయి ఉంటాయి. చచ్చిందనుకుని పీకి చూసేవాళ్లుంటారు. పీకకండి. అది బతికే ఉంది.

3. రాత్రిపూట ఊపిరి తీసుకునే మొక్క ఇది. ఎలా బతుకుతోందో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది.

మామూలు చెట్టు పగలు ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుంటుంది. తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరై పోతుంది. చెరువు కింద మాగాణిలో ఉన్న మొక్కకు ఆ ఖర్చు లెక్కలోది కాదు. మే నెల ఎండలో రాతి మీద ఉన్న మొక్క ఆ ఖర్చు పెడితే మూడు రోజుల్లో ఒట్టిపోతుంది. కుందేటి కొమ్ములు పగలంతా ఆ రంధ్రాలను బిగించుకుని ఉంటాయి. పొద్దుగూకి, రాయి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి తీసుకున్న వాయువును ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారాక తలుపులన్నీ మూసి, ఆ దాచినదాన్ని విడగొట్టి, ఎండ సాయంతో తిండి తయారు చేసుకుంటాయి. ఆకులు ఎందుకు లేవన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. ఆకులు నిజానికి మొలుస్తాయి, పలకల అంచున గింజంత ఉండి, త్వరగా రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పనంతా పచ్చటి కాడే చేస్తుంది. వెడల్పాటి ఆకును ఎండకు పరిచి నీళ్లు పోగొట్టుకునే స్తోమత దానికి లేదు.

ఈ విద్య ఒక్క కుందేటి కొమ్ములదే కాదు. మీ పెరట్లో రణపాల ఉంటే తెల్లవారుజామున ఒక ఆకు కొరికి చూడండి, పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుంది. రాత్రంతా చేరిన ఆమ్లం పగలు ఖర్చయిపోవడమే కారణం. ఈ సంగతిని శాస్త్రలోకానికి రాసి పంపినవాడు బెంజమిన్ హేన్. కాకినాడ జిల్లా సామర్లకోటలో ఈస్ట్ ఇండియా కంపెనీ తోటను కొంతకాలం చూసుకున్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. రణపాల ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నం చప్పగా ఉండడాన్ని నాలుకతో గమనించి రాశాడు. 1815లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. దాని వెనకున్న రసాయనమంతా తేలడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది. పరికరాలు లేవని వెనకాడే విద్యార్థులకు ఈ కథ నేను తప్పకుండా చెప్పేదాన్ని. రణపాల ఆకు రుచి చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు, పొద్దున్నే లేవాలి.

4. కంపు కొడుతోందని మొహం తిప్పుకోకండి.

కుందేటి కొమ్ముల్లో మా కొండల మీద రెండు రకాలు తరచు కలిసే కనబడతాయి. నేను పైన చెప్పింది సన్నకొసల రకం. రెండోది ఇంకా మోటు కాడలది. దీనికి పూలు కొసన ఒక్కచోట గుత్తిగా, బంతికట్టినట్టు వస్తాయి. రంగు ముదురు ఊదా, దాదాపు నలుపు. దగ్గరకు వెళ్తే కుళ్లిన మాంసం వాసన. దీన్ని అంబెల్లాటా అంటారు. కొండ మీద ఏదో చచ్చిపడి ఉందనుకుని వెతికితే ఈ పువ్వు దొరికిన సందర్భాలున్నాయి. తేనెటీగ కోసం పూసిన పువ్వు కాదది, ఈగ కోసం పూసింది. చచ్చిన జంతువు మీద గుడ్లు పెట్టే ఈగ ఆ రంగూ వాసనా నమ్మి వచ్చి వాలుతుంది.

ఆ తర్వాత జరిగేది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని పాఠం. ఈ కుటుంబంలో పుప్పొడి పొడిగా రాలదు. రెండు ముద్దలుగా, వాటిని కలిపే చిన్న నల్లటి పట్టుతో తయారై ఉంటుంది. పువ్వు మధ్యలో సన్నని చీలికలుంటాయి. ఈగ కాలో, నోటి రోమమో ఆ చీలికలో ఇరుక్కుంటుంది. బలంగా లాక్కుంటే ఆ పట్టు దాని కాలికి తగులుకుని ముద్దలతో సహా ఊడివస్తుంది. ఆ జత ముద్దల్ని మోసుకుంటూ ఈగ మరో పువ్వు మీద వాలినప్పుడు, ఒక ముద్ద సరిగ్గా అక్కడి చీలికలోకి జారి కూర్చుంటేనే కాయ. అన్నీ కలిసిరావాలి. అందుకే వందల పూలు పూసినా కాయలు కాసిన్నే ఉంటాయి. కాయలు జంటగా, సన్నగా, నిటారుగా వస్తాయి. పగిలితే ప్రతి గింజకూ పట్టులాంటి దూది కుచ్చు ఉంటుంది, జిల్లేడు గింజకు ఉన్నట్టే. గాలి ఎటు తోస్తే అటు.

కొమ్ములు దొరక్కపోతే రోడ్డు పక్క జిల్లేడు పువ్వు తెచ్చుకోండి. నిర్మాణం అదే. పువ్వు నడిమి ఐదు మూలల్లోనూ కనబడే నల్లటి చుక్క కింద సూది మొన దూర్చి మెల్లగా పైకి ఎత్తితే ఆ జత ముద్దలు సూదికి తగులుకుని వస్తాయి. భూతద్దం కింద చూపిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. పాలు కళ్లలో పడకుండా జాగ్రత్త, అది మాత్రం ముందే చెప్పండి.

ఇంకొక ప్రాణి కూడా దీన్ని నమ్ముకుని ఉంది. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, తెల్ల మచ్చలు ఉన్న సీతాకోకచిలుక మన ఊళ్లలో అంతటా ఎగురుతుంటుంది, ప్లెయిన్ టైగర్ అంటారు. అది గుడ్లు పెట్టేది జిల్లేడు జాతి మొక్కల మీదనే. కుందేటి కొమ్ముల మీద కూడా పెడుతుంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళి కాడను కొరుకుతూ కనబడితే పురుగుమందు కోసం పరిగెత్తకండి.

5. మొదటి గురువులు గొర్రెల కాపరులే. ఈ మాట మర్యాదకు అనడం లేదు.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కల్ని సేకరించాడు. ఇక్కడి చిత్రకారులతోనే బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. ఆయన పుస్తకం ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మొదటి సంపుటం 1795లో లండన్‌లో రావడం మొదలైంది. అందులో మన కుందేటి కొమ్ముంది, దక్షిణాఫ్రికా మొక్కల సరసన స్టపీలియా అనే పేరు కింద. ఇక్కడివాళ్లు దీని లేత కాడల్ని పచ్చిగానే తింటారని రాశాడు. తెలుగువాళ్లు దీన్ని పిలిచే పేరు కార్-అల్లం అని కూడా నమోదు చేశాడు. తర్వాత 1810లో రాబర్ట్ బ్రౌన్ ఈ మొక్కల్ని వేరు చేసి కరల్లుమా అనే కొత్త ప్రజాతి కట్టినప్పుడు ఆ తెలుగు పేరునే తీసుకున్నాడని చెబుతారు. ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా మన దేశం దాకా ఉన్న మొక్కలు ఆ పేరు కిందికి వచ్చాయి.

రాక్స్‌బర్గ్‌కు ఆ పేరు చెప్పిందెవరు? తింటారని చెప్పిందెవరు? ఏ పశువుల కాపరో, ఏ కట్టెల మోపు దించుకున్న ఆడమనిషో అయివుండాలి. వాళ్ల పేరు పుస్తకంలోకి రాలేదు. మీరు కొండకు వెళ్లినప్పుడు ఎదురైన కాపరిని దారి అడిగి వదిలేయకండి. ఆ మొక్క మీ నాయన కాలంలో ఎంత ఉండేది, ఏ వాలున ఎక్కువ, ఏ ఏడు పూత తప్పింది అని అడగండి. చెప్పినవాడి పేరుతో సహా రాసుకోండి.

6. కొస తుంచండి, మొదలు వదలండి.

ఇది నాకు నేర్పింది అలాంటి కాపరే, ఇప్పుడు లేడు. గొంగడి మీద కూర్చుని కొమ్ము కొస తుంచి, పలకల అంచులు గోటితో గీకేసి, ఉప్పుగల్లు అద్దుకుని నములుతున్నాడు.

“ఆకలేయదా మామా, పొద్దుననగా వచ్చినావు కదా?” అన్నాను.

“ఇది రెండు తింటే సాయంత్రందాకా ఆకలి తెలీదు టీచరమ్మా. దప్పికా అవదు. కొసలు తుంచుకో తల్లీ, మొదలు మాత్రం ముట్టుకోవాకు. మొదలు కొండది.”

చేదు, కాస్త ఉప్పన, వెనక పులుపు. మొదటిసారి తిన్నవాళ్లకు నచ్చదు. మా పల్లెల్లో లేత కొసల్ని ముక్కలు కోసి, చింతపండు వేసి ఉడికించి చేదు తగ్గించి కూర చేసుకునేవాళ్లు, పచ్చడి నూరేవాళ్లు. మధుమేహం ఉన్నవాళ్లు పచ్చివి నమలడం కూడా ఉంది. ఆ విషయంలో నా సలహా ఒకటే: మీ డాక్టరు ఇచ్చిన మాత్ర మానేసి ఈ కాడ మీద ఆధారపడకండి.

కొస తుంచితే ఏమవుతుందో చూశాను. తుంచినచోటు ఎండి గట్టిపడి, కింద పలక మీద నుంచి పక్క కొమ్మలు వస్తాయి. మరుసటి వానలకు గుబురు తిరిగి పెరుగుతుంది. వేరుతో లాగితే బండ సందులో మన్ను కూడా ఊడి వచ్చేస్తుంది, ఆ సందులో మళ్లీ మన్ను చేరేదెప్పుడు? అదీ ఆ కాపరి మాటకు అర్థం. పూత ఉన్న కొసను కూడా తుంచవద్దు. పూసిన కొమ్మను ఆ ఏడాదికి ఈగకు వదిలేయాలి.

7. గోనెసంచులతో వచ్చేవాళ్లను అడ్డుకోండి.

కాపరి ఆకలి చంపుకోవడానికి తిన్నదే ఇప్పుడు బరువు తగ్గించే మాత్రగా అమ్ముడుపోతోంది. ఈ మొక్కలో ఫింబ్రియాటా అనే రకం ఉంది. పూరేకుల అంచున సన్నటి రోమాలు కుచ్చుగా ఉండి చిన్న గాలికే ఆడుతుంటాయి, చాలా అందమైన పువ్వు. దాని సారాన్ని గుళికల్లో పెట్టి దేశదేశాల్లో అమ్ముతున్నారు. 2007లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించిన ఒక పరీక్ష ఉంది: బరువెక్కువున్న 50 మంది పెద్దలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 60 రోజుల పాటు రోజుకొక గ్రాము సారం, రెండో జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లలో నడుము చుట్టుకొలత, ఆకలి తగ్గాయి. బరువులో మాత్రం రెండు జట్ల మధ్య లెక్కకు నిలిచే తేడా రాలేదు. అంత చిన్న పరీక్ష, అంత కొద్ది ఫలితం. దాని మీద ఎంత పెద్ద వ్యాపారం లేచిందో మీరే చూడవచ్చు, ఏ ఆన్‌లైన్ దుకాణంలో వెతికినా సీసాలు కనబడతాయి.

సాగు చేసి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కాడ ముక్కలతో తేలిగ్గా పెరిగే మొక్క, మెట్టరైతుకు నాలుగు రూపాయలు వస్తే సంతోషమే. కానీ కొండ మీద ఊరికే దొరికేదాన్ని ఎవరైనా ఖర్చుపెట్టి ఎందుకు పెంచుతారు? కూలికి మనుషుల్ని పెట్టి కిలోల లెక్కన, వేళ్లతో సహా, సంచుల్లో నింపి దించుతారు. కూలివాళ్ల మీద నాకు కోపం లేదు, రోజు గడవాలి. వాళ్లకు కొలత చెప్పి పంపినవాడి మీద ఉంది. ఏడేళ్లు, పదేళ్లు పెరిగిన గుబురు అరనిమిషంలో సంచిలోకి పోతుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం వ్యాపారం కోసం ఇలాంటివి సేకరించేవాళ్లు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలపాలి. ఊరివాళ్లకు, నాటువైద్యులకు ఆ నిబంధన వర్తించదు. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. మీ ఊళ్లో ఉందో లేదో సర్పంచ్‌ను అడగండి. లారీ వచ్చిన రోజున కమిటీ కోసం వెతుక్కుంటే లాభం లేదు. అడవి శాఖ భూమి అయితే బీట్ ఆఫీసర్ నంబరు దగ్గర ఉంచుకోండి.

8. ఇంట్లో పెంచాలనుకుంటే, కొండ మీదిది తేవద్దు.

నర్సరీలో కాడ ముక్క అడిగితే ఇస్తారు, పెంచుతున్న స్నేహితులుంటే ఒక కొస తీసుకోండి. తెచ్చిన ముక్కను వెంటనే పాతకండి. కోసినచోటు ఎండి గట్టిపడేదాకా నీడలో వారం రోజులు పడేయండి. మట్టికుండీలో సగానికి పైగా గరుసు, ఇసుక ఉండాలి. పేడ ఎరువు వద్దు. ప్లాస్టిక్ కుండీ నీళ్లు నిలుపుతుంది, అదీ వద్దు. పైన పూర్తిగా ఎండాక నీళ్లు పొయ్యండి, చలికాలం దాదాపు మానేయండి. దీన్ని ప్రేమతో చంపేవాళ్లే ఎక్కువ. మొదలు నల్లబడి మెత్తబడితే పైనున్న గట్టి ముక్కను కోసి మళ్లీ ఆరబెట్టండి. ఊరికే వాడుతుంటే వేళ్లు తీసి చూడండి, పిండినల్లి తెల్లగా పట్టి ఉంటుంది. మొగ్గల మీద పసుపుపచ్చ పేనుబంక వస్తే వేళ్లతో నలిపేస్తే చాలు.

9. కొండకు నిప్పు పెట్టనివ్వకండి.

శివరాత్రి దాటాక ఎండిన బోద గడ్డికి అగ్గి పెడతారు, కొత్త చిగురు వస్తుందని. గడ్డికి వేరు లోపల బతికి ఉంటుంది. కుందేటి కొమ్ముకు ఉన్నదంతా పైనే, నీళ్లతో నిండిన కాడలో. అది ఉడికిపోతుంది.

10. రాయి పోతే అన్నీ పోతాయి.

పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తుంచింది మళ్లీ పెరుగుతుంది. కాలింది, గింజ గాలికి వస్తే మళ్లీ మొలుస్తుంది. గుట్టనే కోసి లారీకి ఎత్తితే మొలవడానికి చోటు ఉండదు. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు, వానకు పొరలు ఊడి, పగుళ్లు విచ్చి, ఆ పగుళ్లలో గరుసు చేరి, దానిలో తుప్ప మొలిచి, తుప్ప నీడలో కొమ్ము రావడానికి ఎంత కాలం పట్టివుంటుందో ఆలోచించండి. కరీంనగర్ గోధుమరంగు రాయి నుంచి సీమ నల్లరాయి దాకా మన గుట్టలు పలకలై ఎక్కడెక్కడి వంటగదుల్లోనో పరుచుకున్నాయి. గ్రానైట్ వద్దని ఎవరినీ అనను, నా వంటింటి గట్టు కూడా రాయే. ఏ గుట్టను కోయాలి, ఏ గుట్టను ఉంచాలి అని అడిగే మనిషి లేకపోవడమే నా బాధ. లీజు కాగితంలో సర్వే నంబరు, విస్తీర్ణం, ఘనపు మీటర్లు ఉంటాయి. గుట్ట మీద ఏమేం బతుకుతున్నాయో రాసే గడి ఉన్నా దాన్ని కొండెక్కి నింపేవాళ్లు అరుదు. మా వైపు ఒక గుట్టకు తవ్వకం మొదలుపెట్టినప్పుడు దాని పడమటి వాలున కుందేటి కొమ్ములు, బండ మీద దొన, దొనలో వానాకాలపు కప్పలు ఉండేవి. ఇప్పుడక్కడ నిలువునా కోసిన గొయ్యి, అడుగున ఆకుపచ్చటి నీళ్లు.

అడిగేవాళ్లు ఉంటే కొంతైనా మిగులుతుంది. హైదరాబాద్‌లో 1996లో కొందరు కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ అని పెట్టుకున్నారు. రాళ్లను కాపాడ్డమేమిటి అనేవాళ్ల మధ్యనే నిలబడి, కొన్ని రాళ్ల వరసల్ని వారసత్వ జాబితాలోకి ఎక్కించగలిగారు. మహారాష్ట్రలో ఇంకో ఉదాహరణ ఉంది. కుందేటి కొమ్ములకు చుట్టమైన ఫ్రెరియా ఇండికా అనే మొక్క సహ్యాద్రి కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. ఈ జాతిలో అది వింత: వానాకాలంలో దానికి దిట్టమైన ఆకులు వస్తాయి, ఎండలు ముదిరితే రాలిపోతాయి. ముదురెరుపు పువ్వు నడుమ పసుపు మచ్చలు. శివాజీ పుట్టిన శివనేరి కోట కొండ, సజ్జన్‌గఢ్, పురందర్ లాంటి కొద్దిచోట్ల నిట్రాయి గోడల మీద నిలిచింది. మనిషి చెయ్యి, మేక నోరు అందని చోటు కాబట్టి నిలిచింది. కోటలున్న కొండలు కాబట్టి ఎవరూ కోసి అమ్మలేదు కూడా. మన పెనుకొండ, గండికోట, భువనగిరి, రాచకొండ చుట్టూ ఉన్న వాలుల్ని ఈ కంటితో ఒకసారి చూడాలని వృక్షశాస్త్రం చదువుతున్న పిల్లల్ని కోరుతున్నాను. కోట గోడల చరిత్ర రాసేవాళ్లున్నారు. గోడ కింది వాలు మీద ఏముందో పూర్తిగా రాసినవాళ్లు తక్కువ.

11. కనబడితే రాయండి, చోటు మాత్రం చాటకండి.

ఫోన్‌తో తీసే ఫోటోలో చోటు దానంతటదే నమోదవుతుంది. దాన్ని అందరికీ పంపితే సంచివాడికి దారి చూపినట్టే. పంపేముందు ఆ వివరం తీసేయండి, మండలం పేరు దాకా చాలు. సరైన చోటు నోటు పుస్తకంలో ఉండాలి. తేదీ, కార్తె, కొండ పేరు ఊరివాళ్లు పిలిచినట్టే, ఏ దిక్కు వాలు, ఏ పొద కింద, ఎన్ని కాడలు, పూతా కాయా ఏదీ లేదా, ఈగలు వాలుతున్నాయా, దగ్గర్లో కాలిన గుర్తులు, గొడ్డలి గుర్తులు ఉన్నాయా, చెప్పిన కాపరి పేరు. మళ్లీ ఏడు అదే కార్తెలో వెళ్లి అదే పొద దగ్గర కూర్చుని మళ్లీ రాయండి. ఆ పుస్తకాన్ని కాపీ తీసి ఒకటి పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరులో కలపమని ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. లీజుకు అభ్యంతరాలు పిలిచిన రోజున నోటితో చెప్పిన మాటను పక్కన పెడతారు, తేదీలున్న పుస్తకాన్ని ఫైల్లో పెట్టక తప్పదు.